విమానము: మొదటి అర్థం

కాస్త ఇలా దగ్గరికి జరగండర్రా. అంత దూరాన కూర్చుంటే సగం మాటలు గాలికి పోతాయి, మిగతా సగం మీ ఫోన్లు తినేస్తాయి. ఇది మా తొగరులంకలో జరిగిన సంగతి. ఒక ఇల్లు ఎగిరింది. తుపానుకి కాదు, సుడిగాలికి కాదు. మునిసిపాలిటీవారు ఉత్తర్వు రాసి, తేదీ వేసి, ముద్ర కొట్టి ఇచ్చాక, ఆ ఉత్తర్వును అక్షరం తప్పకుండా పాటించి ఎగిరింది. ఆ ఇంటి ఇల్లాలు మాణిక్యం. ఆవిడ వెంట నడుస్తూ వింటే మీకు దారి తప్పదు.

మాణిక్యం తండ్రి గోదావరి మీద లాంచీ నడిపిన సరంగు. నీళ్ళ మీదే బతికి, ఒకే ఒక్క కోరిక తీరకుండా పోయాడు. "ఈ గోదారిని పైనించి చూడాలే మాణిక్యం. పాయలన్నీ కలిసి అరచెయ్యి చాపినట్టు కనపడుద్దంట," అనేవాడు. ఆ మాట ఆవిడ పెళ్ళయిన కొత్తలో మొగుడితో ఒకసారి అంది. మొగుడు గవర్రాజు బస్సులకు బాడీలు కట్టే షెడ్డులో పనివాడు. "దానికేవుందే, నేనే ఓ విమానం కట్టి చూపిత్తాను," అన్నాడు, సంతకు తీసుకెళ్తానన్నంత తేలిగ్గా. పెళ్ళయిన కొత్తలో అలా అనే మగవాళ్ళు ఊరికి నూరుమంది ఉంటారు. కట్టినవాణ్ణి మాత్రం నేను ఈయన్నొక్కణ్ణే చూశాను. పనిలోంచి దిగిపోయిన మర్నాడు మొదలుపెట్టి పదకొండేళ్ళు కట్టాడు. పక్కపక్కన ఇద్దరు కూర్చునే విమానం.

మా ఊరి చివర యుద్ధకాలంలో వేసిన పాత రన్‌వే ఒకటుంది. ఇప్పుడది మునిసిపాలిటీది. రైతులు దానిమీద ధాన్యం ఆరబోసుకుంటారు. దాని పక్కనే గవర్రాజు రేకుల షెడ్డు. అక్కడికి పైనుంచి విమానాల ఇన్‌స్పెక్టరు ఒకాయన వచ్చి, ప్రతి బోల్టూ తట్టి చూసి, గవర్రాజును ఒంటరిగా ఒక చుట్టు తిరిగి రమ్మన్నాడు. తిరిగొచ్చాడు. ఇన్‌స్పెక్టరు చెయ్యి కలిపి రెండు మాటలు చెప్పాడు. రెండో మనిషిని ఎక్కించాలంటే కూర్చునే చోటు మీద అద్దంలాంటి మూత ఉండాలి. ఇకమీదట రన్‌వే వాడుకోవాలంటే మునిసిపాలిటీ నుంచి అభ్యంతరం లేదన్న కాగితం ఉండాలి.

మూడో మాట కళ్ళ డాక్టరు చెప్పాడు. "కార్తీక పౌర్ణమి దాకా ఎగరొచ్చని సంతకం పెడతాను గవర్రాజుగారూ. ఆ తరవాత ఆ కళ్ళతో మిమ్మల్ని సైకిలు కూడా తొక్కనివ్వను."

అదీ సంగతి. పౌర్ణమిలోగా మూత పడి, కాగితం వస్తే మాణిక్యం గోదావరిని చూస్తుంది. లేకపోతే తండ్రిలాగే చూడకుండా పోతుంది. అసలు కథ ఇంతే. మిగతాదంతా ఆఫీసు.

ముందు మూత సంగతి చెబుతాను. అక్రిలిక్ షీటు మీరు చూసే ఉంటారు. హోటళ్ళలో మిఠాయిల మీద ఈగలు వాలకుండా పెడతారే, ఆ గాజులాంటి పలక. గాజు కాదు గాని చూపుకి గాజే. దాన్ని వేడి పెట్టెలో పెడితే అప్పడప్పిండిలా మెత్తబడుతుంది. మెత్తబడ్డ క్షణాన తీసి అచ్చు మీద వేస్తే, తడి తువ్వాలులా వాలి ఆ ఆకారానికి వస్తుంది. చల్లారాక ఇక మారదు. చెప్పడానికి ఇంతే. చెయ్యడానికి గవర్రాజు బస్సు రేకులతో బీరువా అంత పెట్టె చేసి, లోపల హీటరు తీగలు చుట్టాడు. కర్రతో, ప్లాస్టరుతో బోర్లించిన పడవలాంటి అచ్చు చేసి, పట్టులా అరగదీసి, దానిమీద మెత్తటి ఫ్లానెల్ గుడ్డ లాగి కట్టాడు. గుడ్డ లేకపోతే అచ్చు మీది నలుసు కూడా షీటుకి అంటుకుంటుంది. షీట్లు మూడు తెచ్చాడు.

మొదటి షీటు గడియారం చూసి దించాడు. ఒళ్ళంతా బుడగలు. నూనెలో మరిచిపోయిన అప్పడంలా ఉంది. రెండోది భయపడి ముందే తీశాడు. అచ్చు మీద వేసి అంచులు లాగేసరికి టప్పుమని మూలన విరిగింది. మధ్యాహ్నం అన్నం తినకుండా షెడ్డులో గోడకి ఆనుకుని కూర్చున్నాడు.

"లెగండి. చారు చల్లారిపోతంది," అంది మాణిక్యం.

"ఒక్కటే మిగిలిందే."

"నాకు ఒక్కటే కావాలి కదా. ఆ గడియారం అటు పడెయ్యండి. నేను చూత్తాను."

ఆవిడ నలభై ఏళ్ళు ఊళ్ళో పెళ్ళిళ్ళన్నిటికీ అప్పడాలు చేసిన మనిషి. పిండి పదును చేత్తో కాదు, కంటితో చెప్పగలదు. పెట్టెకున్న చిన్న కంతలోంచి కన్ను తియ్యకుండా చూసింది. షీటు ముందు బిగుసుకున్నట్టుంది, తరవాత ఊపిరి వదిలినట్టయింది, తరవాత అంచు మెల్లిగా కిందికి వాలింది. "ఇప్పుడండి," అంది. ఇద్దరూ నూలు చేతొడుగులు వేసుకుని చెరో వైపు పట్టి, బిడ్డను ఉయ్యాల్లో దింపినట్టు అచ్చు మీదికి దింపారు. నాలుగు దుప్పట్లు కప్పారు. మర్నాడు మధ్యాహ్నం దాకా షెడ్డు తలుపు తియ్యనివ్వలేదావిడ. బాలింత గదికి కూడా అంత కాపలా ఉండదు.

దుప్పట్లు తీస్తే ఏమీ లేనట్టు ఉంది. అవతలున్న కొబ్బరిచెట్టు ఒక్క వంకర లేకుండా కనబడింది. ఒకే ఒక్క గుర్తు పడింది, రెండో సీటు వైపు, అడుగు అంచున. చేతొడుగు జారి మాణిక్యం చేతిగాజు ఒత్తుకున్న గుర్తు, నెలవంకంత.

"గాజు కాని దానిమీద గాజు పడిందే," అని నవ్వాడు గవర్రాజు.

"ఉండనియ్యండి. నా సీటని గుర్తు."

ఇక ఆఫీసుకి వెళ్దాం.

ఆ ఏడాది మా మునిసిపాలిటీలో తెలుగు అమలు సంవత్సరం. బోర్డులన్నీ మారాయి. అర్జీలో ఒక్క ఇంగ్లీషు మాట కనబడినా వెనక్కి. అర్జీల బల్ల దగ్గర సోమలింగం అనే గుమస్తా ఉండేవాడు. మంచివాడే. కాకపోతే అతని బల్ల మీద పీటంత నిఘంటువు పెట్టి, ప్రతి మాటకూ మొదటి అర్థమే తీసుకోవలెనని పైనుంచి ఉత్తర్వు ఇచ్చారు. రెండో అర్థం దాకా వెళ్తే గుమస్తాలు సొంత తెలివి వాడతారని భయం.

"ఇందులో కానపీ అని ఉంది గవర్రాజుగారూ. నడవదు," అన్నాడు సోమలింగం.

"పైన మూతండి."

"మూత గిన్నెకుంటుంది. ఆఫీసు భాషలో ఉండదు." వేలు తడి చేసుకుని పేజీలు తిప్పాడు. "పైకప్పు. ఇది బాగుంది. కాక్‌పిట్ అంటే?"

"ఇద్దరు కూచునే చోటండి."

"గది. ల్యాండింగ్ గేరు?"

"అది నిలబడ్డానికండి, కింద మూడుంటాయి."

"ఆధారములు మూడు. విమానం అని రాశారు, ఇది తెలుగే. అయినా అర్థం రాసుకోవాలి." మళ్ళీ తిప్పాడు. వేలు ఒకచోట ఆగింది. కళ్ళజోడు సవరించుకున్నాడు. "విమానము. ఏడంతస్తుల మేడ."

"అదేటండి, గాల్లో ఎగిరేదండి."

"అది మూడో అర్థం గవర్రాజుగారూ. రెండోది గుడి గోపురం. నేను మొదటిదాంట్లోంచి కదిలానంటే నా ఉద్యోగం కదులుతుంది."

అలా అర్జీ పట్టణ ప్రణాళికాధికారి భానోజీరావుగారి బల్ల మీదికి చేరేసరికి, అందులో పైకప్పు ఉంది, గది ఉంది, మూడు ఆధారాలున్నాయి, మొత్తం మీద అది ఏడంతస్తుల మేడ. రన్‌వే వాడుకోడానికి కాగితం అడిగిన మాట అయిదో వరసలో ఉంది. అక్కడిదాకా ఎవరూ చదవలేదు.

మూడోనాడు భానోజీరావు టేపు పట్టుకుని షెడ్డుకి వచ్చాడు. సన్నటి మనిషి, ఇస్త్రీ చొక్కా, మాట్లాడితే ఉత్తర్వు చదివినట్టే ఉంటుంది. విమానం చుట్టూ మూడుసార్లు తిరిగాడు. మాణిక్యం మంచినీళ్ళిచ్చింది.

"అమ్మా, రికార్డు ప్రకారము ఏడంతస్తులు. క్షేత్రమున ఒక్కటే కనిపించుచున్నది. తక్కిన ఆరు అంతస్తులు ఎక్కడ?"

"లేవండి."

"ఇంకను కట్టలేదని వ్రాసుకొనవచ్చునా?"

"మీ ఇష్టవండి. ఇది ఇల్లు కాదు బాబూ. ఎగురుద్ది."

"పైకప్పు ఉన్నదా లేదా?"

"ఉందండి."

"పైకప్పు ఉన్నది గనుక గృహము. ఎగురుట అనునది గృహస్థుల అలవాటునకు సంబంధించిన విషయము, మా శాఖకు సంబంధము లేదు." రెక్క కింద నిలబడి పైకి చూశాడు. "ఈ చూరు రెండు వైపులా మితిమీరి ఉన్నది. వాన పడిన నీరు పొరుగువారి స్థలమున పడును. ఆధారములు మూడే. నాలుగవ స్తంభము వేయించవలెను."

గవర్రాజు నోరు తెరిచాడు. మాణిక్యం ఆయన చొక్కా వెనక్కి లాగింది. ఆఫీసువాళ్ళు రాసుకుంటున్నప్పుడు మాట్లాడితే అది కూడా రాసుకుంటారని ఆవిడకి తెలుసు.

వారం తిరక్కుండా డోరు నంబరు వచ్చింది. తొమ్మిది బై ముప్ఫై రెండు. పలక పట్టుకొచ్చిన మనిషి జేబులోంచి మేకు, సంచిలోంచి సుత్తి తీసి, నేరుగా మూత మీద పెట్టి గురి చూశాడు. ఇల్లంటే గుమ్మం పైన కొట్టాలట, దీనికి గుమ్మం పైన ఉన్నది అదొక్కటే. మాణిక్యం పరుగున వచ్చి, మేకుకీ మూతకీ మధ్య అరచెయ్యి పెట్టింది.

"నాయనా, మామూలు డ్రిల్లు పెడితేనే పగిలిపోద్దిది. దీనికి కంత చెయ్యాలంటే ఆయన బిట్టు పదును చంపి, నిమిషానికోసారి ఆగి, ఊదుకుంటా చేత్తారు. నువ్వు మేకు దించుతావేటి?"

"మరి నంబరు లేని ఇల్లు ఉండకూడదండి."

"బంక ఉంది. తోక మీద అంటించుకో."

తోక మీద అంటించాడు. విమానానికి రాసిన నంబరు పక్కన ఇంటి నంబరు చేరింది.

ఆ పైవారం మరుగుదొడ్డి వచ్చింది. ఇంటింటికీ మరుగుదొడ్డి ఉన్న పట్టణమని మా ఊరికి అంతకుముందే బోర్డు పెట్టారు. కొత్తగా నంబరు పడ్డ ఇంటికి దొడ్డి లేదని తేలేసరికి నూటికి నూరు కాస్తా తగ్గింది. ఆఫీసు మొత్తం కదిలింది. రెండు రోజుల్లో షెడ్డు పక్కన ఇటికలతో గది లేచింది, ఆకుపచ్చ తలుపు పడింది, ఫొటో తీశారు. ఇల్లూ దొడ్డీ ఒకే ఆస్తి అని చూపించడానికి దొడ్డి గొట్టాన్ని తెచ్చి విమానం తోకకి ఇనుప పట్టీతో బిగించారు. ఫొటోలో అది బాగా పడింది.

గవర్రాజు ఆ గొట్టం వైపు చూసి, "పదకొండేళ్ళు కట్టి తోకకి ఏం తగిలించుకున్నామే మాణిక్యం," అన్నాడు.

"ఎగిరే ముందు ఇప్పేద్దాం లెండి. దాచుకోండి స్పానరు."

అక్కడిదాకా ఆవిడకు ఓపిక ఉంది. కాని నాగులచవితి వెళ్ళాక భానోజీరావు మళ్ళీ వచ్చి, ఈసారి మూతను దగ్గరగా చూశాడు. అడుగు అంచున ఉన్న నెలవంక గుర్తు దగ్గర అతని వేలు ఆగింది.

"పైకప్పునందు పగులు."

"పగులు కాదండి. నా గాజు ఒత్తుకుంది." చెయ్యి చాపి, గాజు తెచ్చి గుర్తులో ఆనించి చూపించింది. అతికినట్టు సరిపోయింది.

"కారణము ఏదైనను పగులు పగులే. ఏడంతస్తులకు పునాది వేసిన గృహము. ప్రజల ప్రాణములతో చెలగాటము కూడదు. సోమవారము పటుత్వ పరీక్ష జరుపబడును. పైకప్పు మీద ఇరువది ఇసుక బస్తాలు పెట్టి ఒక పగలు ఉంచెదము. నిలిచిన యెడల మీకు ధ్రువపత్రము."

"నిలవకపోతేనండి?"

"నిలువకపోయిన యెడల అది నిలువలేదని రుజువగును."

భానోజీరావు వెళ్ళిపోయాక గవర్రాజు విమానం దగ్గరికి నడిచాడు. మూత మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. నాలుగు మిల్లీమీటర్ల షీటు. ఇరవై బస్తాలు అక్కర్లేదు, రెండు చాలు. ఇంకో షీటు తేవచ్చు, ఇంకోసారి కాల్చవచ్చు, కాని పౌర్ణమి పది రోజుల్లో ఉంది. తెచ్చిన షీటు మొదటిసారే కుదురుతుందని ఎవరు చెప్పగలరు. ఆయన కళ్ళు అప్పటికే సాయంత్రమైతే దారాన్ని సూదిలోకి ఎక్కించలేకపోతున్నాయి.

"నేనెళ్ళొత్తాను," అంది మాణిక్యం.

"నేనూ వత్తానే."

"మీరొత్తే కోపవొత్తది. నాకైతే అప్పడాల పిండి ఎన్నిసార్లు ఎండినా మళ్ళీ తడిపి పిసకడం అలవాటే."

ఆఫీసులో భానోజీరావు ఎదుట నిలబడి, కొంగు సవరించుకుని, తెలియనిదానిలాగే మొదలుపెట్టింది. నిజానికి తెలియదు కూడా. ఒక్కొక్క ప్రశ్నా వేస్తూ పోతే ఎక్కడో ఒకచోట తలుపు ఉంటుందని ఆవిడ నమ్మకం.

"బాబూ, పరీక్ష వద్దంటే ఏవవుద్దండి?"

"పటుత్వము రుజువుకాని కట్టడము అక్రమ కట్టడమగును."

"అక్రమవైతేనండి?"

"తొలగింపబడును."

"ఎవరు తొలగిత్తారండి?"

"మూడు దినములలో యజమాని స్వయముగా. కానిచో మేము యంత్రముతో."

"తొలగించడవంటే పగలగొట్టాలాండి?"

భానోజీరావు కలం కింద పెట్టాడు. ఆ ప్రశ్న అతన్ని అంతకుముందు ఎవరూ అడగలేదు. నిబంధనల పుస్తకం తెప్పించి, వేలు పెట్టి చదివాడు. "పగులగొట్టుట అను మాట ఇందు లేదు. 'సదరు కట్టడము సదరు స్థలమునందు లేకుండ చేయుట' అని మాత్రమే ఉన్నది."

"ఎంత దూరవండి?"

"పురపాలక పరిధి దాటించవలెను."

"ఏ దారినండి?"

అతను పేజీ తిప్పాడు, మళ్ళీ వెనక్కి తిప్పాడు. "దారి విషయమున నిబంధన మౌనముగా ఉన్నది."

మాణిక్యం రెండు చేతులూ జోడించింది. "అయితే మా ఇల్లు అక్రమవని రాసివ్వండి బాబూ. తొలగించుకుంటాం."

భానోజీరావు కుర్చీలోంచి లేచాడు. ఇరవై రెండేళ్ళ ఉద్యోగంలో తొలగింపు ఉత్తర్వు ఇస్తే తిట్టినవాళ్ళున్నారు, ఏడ్చినవాళ్ళున్నారు, పురుగుల మందు సీసా చూపించినవాళ్ళున్నారు. రాసివ్వండి అని అడిగినవాళ్ళు లేరు. సోమలింగాన్ని పిలిచి ఆవిడకు కుర్చీ వేయించాడు, టీ తెప్పించాడు. "తొగరులంకలో ఇటువంటి పౌరురాలు ఉండుట మా శాఖకు గర్వకారణము," అన్నాడు. ఆవిడ సాసర్లో పోసుకుని తాగింది.

అక్కడినుంచి చూడండి ఆఫీసు ఉషారు. తొలగింపుకి ఒక పద్ధతి ఉంటుందట. తొలగించే దారి ఖాళీగా ఉండాలి, కనుక రన్‌వే మీది ధాన్యం ఎత్తించారు. జనం అడ్డు రాకూడదు, కనుక రెండు వైపులా తాళ్ళు కట్టి పోలీసుల్ని పెట్టారు. ప్రమాదం జరగవచ్చు, కనుక ఫైరింజనూ అంబులెన్సూ వచ్చాయి. చుట్టుపక్కల ఊళ్ళకు దండోరా వేయించారు. అభ్యంతరం లేదన్న కాగితం వస్తే రాని మర్యాద అంతా అభ్యంతరం ఉన్నందువల్ల వచ్చింది. దొడ్డి మాత్రం సక్రమ కట్టడం, దాన్ని కదపకూడదు. గొట్టం పట్టీ విప్పడానికి విడిగా ఇంకో ఉత్తర్వు ఇచ్చారు. గవర్రాజు జేబులో స్పానరు సిద్ధంగానే ఉంది.

దశమినాడు పొద్దున్నే మాణిక్యం తల స్నానం చేసి, ఆకుపచ్చ చీర కట్టుకుని, విమానంలో కూర్చుంది. గవర్రాజు మూత దించి గడి పెట్టాడు. ఊరంతా తాళ్ళ అవతల ఉంది. భానోజీరావు ఉత్తర్వు గట్టిగా చదివాడు. చివరి మాట "తొలగింపుడు" అనగానే గవర్రాజు ఇంజను వేశాడు. కాగితాలన్నీ వెనక్కి ఎగిరాయి. ఇల్లు పరిగెత్తింది, కుదిపింది, కుదుపు ఆగింది.

మాణిక్యం చాలాసేపు కళ్ళు మూసుకునే ఉంది. "చూడవే," అన్నాడు గవర్రాజు. చూసింది. కొబ్బరితోటలు పరిచిన చాపల్లా ఉన్నాయి. వాటి మధ్య గోదావరి. పాయలు ఒకదాన్నుంచి ఒకటి విడిపోయి, వేళ్ళు చాపినట్టు సముద్రం దాకా వెళ్ళాయి. తండ్రి చెప్పినట్టే అరచెయ్యి. కాకపోతే ఎవరికో ఏదో ఇవ్వడానికి చాపిన చెయ్యిలా ఉంది. ఆవిడ కొంచెం తల వంచితే, చిటికెన వేలు సముద్రంలో కలిసేచోట, మూత మీది నెలవంక గుర్తు వచ్చి సరిగ్గా కూర్చుంది. ఆ గుర్తు మీద వేలు పెట్టి అలాగే ఉండిపోయింది. అక్కడే వాళ్ళ నాన్న లాంచీ ఆఖరి రేవు.

"ఏవంటావే?" అన్నాడు గవర్రాజు.

"ఏవననండి. మాటాడకుండా నడపండి."

పెట్రోలు ఉన్నంతసేపే కదా ఆకాశం. గంట తిరక్కుండా మళ్ళీ రన్‌వే మీద దిగారు. ఊరు చప్పట్లు కొట్టింది. భానోజీరావు కొట్టలేదు. ఫైలు పట్టుకుని ఎదురొచ్చాడు. మొహం వాడిపోయి ఉంది.

"అమ్మా, ఇదేమి. తొలగించిన కట్టడము తొలగించిన స్థలమునందే మరల వెలసినది. పునరాక్రమణ."

"అవునండి," అంది మాణిక్యం, మూత ఎత్తుకుని దిగుతూ. "మళ్ళీ తొలగించమని రాసివ్వండి."

రాయక తప్పలేదు, మర్నాటి తేదీ వేసి. కాని రెండోసారి తొలగింపుకి నిబంధన ఇంకా గట్టిగా ఉంటుంది. కట్టడం పరిధి దాటినట్టు అధికారి కళ్ళారా చూసి సంతకం చెయ్యాలి. కళ్ళారా చూడాలంటే వెంట వెళ్ళాలి. వెంట వెళ్ళడానికి రోడ్డు లేదు. నిబంధన తీసుకెళ్ళి తీసుకెళ్ళి భానోజీరావును రెండో సీటు ముందు నిలబెట్టింది. అతను ఫైలు గుండెకు ఆనించుకుని ఎక్కాడు. మాణిక్యం తనే పట్టీ బిగించి, "ఆ గుర్తు మీద చెయ్యెయ్యకండి బాబూ, అది నాది," అని చెప్పి మూత వేసింది.

పైన జరిగింది గవర్రాజు తరవాత అన్నం దగ్గర చెప్పాడు. విమానం ఊరి మీద ఒక చుట్టు తిరిగింది. కింద తొగరులంక మొత్తం విప్పిన పటంలా కనబడింది. ఏ మేడ ఎంత బయటికి వచ్చిందో, ఏ షాపు ఎంత రోడ్డు తిన్నదో, ఏ కల్యాణమండపం కాలవ మీద ఎన్ని అడుగులు కూర్చుందో, అన్నీ. మునిసిపాలిటీ ఆఫీసు వెనక గోడే కాలవలో ఉంది. కింద నిలబడితే ఏవీ కనబడవు. భానోజీరావు మొదట వేళ్ళు మడిచి లెక్కపెట్టాడు. తరవాత వేళ్ళు చాలక మానేశాడు.

"ఆ నీలం ట్యాంకు పక్కన మూడో అంతస్తు లేత్తంది చూడండి బాబూ, కమ్మీలు కనపడుతున్నాయి. ప్లానులో రెండే కదండి ఆ వీధిలో. ఎవరిదండీ అది?" అని అడిగాడట గవర్రాజు, నిజంగానే తెలియక.

భానోజీరావు అటు చూడలేదు. "ఈ పైకప్పు అతిగా పారదర్శకముగా ఉన్నది," అన్నాడు.

దిగాక ఫైలు తెరిచి, నిలబడే ఒక వాక్యం రాశాడు. "పైనుండి పరిశీలించగా పట్టణము సర్వము సక్రమముగా ఉన్నది." సంతకం పెట్టి, సోమలింగాన్ని పిలిచాడు.

"సోమలింగం, విమానము అను మాటకు మూడవ అర్థము చూడు."

"చూడొచ్చాండి?"

"చూడు. తక్షణమే చూడు. ఇది గృహము కాదు. ఇందులో మా శాఖవారు ఇకమీదట ఎవరును ఎక్కరాదు. రన్‌వే వాడుకొనుటకు అభ్యంతరము లేదని ఈ పూటే వ్రాసి ఇమ్ము. ఊరి మీదుగా మాత్రము తిరుగవద్దని, నది వైపే పొమ్మని ఒక షరతు చేర్చు."

మాణిక్యం ఆ షరతు రెండుసార్లు చదివించుకుంది. నది వైపే.

పౌర్ణమికి ఇంకా నాలుగు రోజులున్నాయి. నాలుగు రోజులూ పొద్దునా సాయంత్రం ఎగిరారు. పౌర్ణమి మర్నాడు గవర్రాజు తాళాలు తెచ్చి మాణిక్యం చేతిలో పెట్టి, కళ్ళకు చుక్కలు వేయించుకోడానికి వెళ్ళాడు. మూత మీద దుమ్ము పడకుండా ఆవిడ ఇప్పటికీ మెత్తటి గుడ్డతో తుడుస్తుంది, నీళ్ళు తప్ప ఇంకేదీ తగలనివ్వదు. ఎవరైనా వెళ్తే రెండో సీట్లో కూర్చోబెట్టి, గుర్తు దగ్గర వేలు పెట్టమంటుంది.

డోరు నంబరు మాత్రం రద్దు కాలేదు. తోక మీంచి ఊడదీసి దొడ్డి తలుపుకి అంటించారు. ఇప్పటికీ అక్కడే ఉంది తొమ్మిది బై ముప్ఫై రెండు, ధాన్యం ఆరబోసుకునే రైతులు వాడుకుంటున్నారు, ఊరు నూటికి నూరూ అలాగే ఉంది. ఆ నీలం ట్యాంకు పక్కన భానోజీరావుగారి మూడో అంతస్తుకి స్లాబు కూడా పడింది.

పొద్దుపోతోంది, నేనూ నడుం వాల్చాలి. మీరు మాత్రం దీన్ని మరిచిపోకండి. మీ పిల్లలకు చెప్పేటప్పుడు ఆఫీసువాళ్ళ మాటలు కాస్త అటూ ఇటూ అయినా పరవాలేదు, ఆ గాజు గుర్తు మాత్రం వదలకండి. ఎప్పుడైనా పిల్లలు విమానం అంటే ఏంటని అడిగితే, మూడో అర్థంతో మొదలుపెట్టండి.